కాంటా మీద సూట్‌కేసు

జులై వచ్చిందంటే హనుమకొండ ఇళ్లల్లో గోడ గడియారం కన్నా తూకం మిషన్‌నే ఎక్కువసార్లు చూస్తారు. విదేశాలకు పోయే పిల్లల బ్యాగుల చుట్టూ జరిగే తతంగమిది.

మా గల్లీ చివర కిరాణా కొట్టులో బియ్యం బస్తాలు తూచే కాంటా ఒకటుంది. ఏడాదంతా దాని మీద ఎక్కేవి బియ్యం, కందిపప్పు, ఉల్లిగడ్డ. జులైలో మాత్రం సూట్‌కేసులు ఎక్కుతాయి. రాత్రి తొమ్మిది దాటి బేరాలు పల్చబడ్డాక ఒక తండ్రీ కొడుకూ చెరో పక్క పట్టుకుని మోసుకొస్తారు. వెనకాల తల్లి, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. ఆ కవరు ఎందుకో కొట్టాయనకు తెలుసు. బరువు ఇంకా మిగిలిందంటే బ్యాగులో దూర్చాల్సిన సామాను అది. మిగలదు. ఇన్నేళ్లలో ఎవరికీ మిగల్లేదట.

మొన్నటి జులైలో ఆ కాంటా ఎక్కింది మా అక్క కొడుకు బ్యాగు.

"ఇరవై అయిదున్నర" అన్నాడు కొట్టాయన. "రెండున్నర తియ్యాలె అక్కా."

"నీ కాంటా మంచిగనే ఉన్నదా?" అంది మా అక్క.

ఇరవై ఏళ్లుగా ఆ కొట్టులోనే బియ్యం కొంటున్న మనిషి. ఆ కాంటాను శంకించడం నాకు తెలిసి అదే మొదలు. కొట్టాయన ఏమీ అనుకోలేదు. ఆ నెలలో అది అతను విన్న ఎన్నో మాటో మరి. బ్యాగు దింపి, ఒక పది కిలోల గోధుమపిండి సంచి పెట్టి చూపించాడు. సరిగ్గా పది. అక్క ఆ అంకెను కాసేపు చూసి, ఇంటికి నడిచింది.

కాంటా దాకా ఎందుకు వచ్చామంటే, ఇంట్లో మా బావ తూకం ఎవరికీ నమ్మకం కలిగించలేదు. బాత్రూం తూకం మిషన్ మీద మొదట తను ఒక్కడే నిలబడతాడు. తర్వాత బ్యాగును చంకనెత్తుకుని నిలబడతాడు. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే బ్యాగు బరువు. లెక్క సరైనదే. కానీ బ్యాగు అడ్డమొచ్చి కింద అంకె కనిపించదు. మేనల్లుడు నేల మీద బోర్లా పడుకుని చదవాలి. చదివేలోగా బావ ఊగుతాడు. అంకె 103కీ 106కీ మధ్య ఆడుతుంది. ఆ మూడు కిలోల మధ్యలో ఎన్ని తొక్కు డబ్బాలు పడతాయో మా అక్కకు తెలుసు.

ఇరవై మూడు అనే అంకె ఇప్పుడు మా ఊళ్లో సంతకం రాని ముసలమ్మకు కూడా తెలుసు. అమెరికా టికెట్ మీద సాధారణంగా రెండు పెద్ద బ్యాగులు, ఒక్కోటి 23 కిలోలు. చేతిలో పట్టుకెళ్లేది ఏడో ఎనిమిదో. వాళ్లకది 50 పౌండ్ల లెక్క. మన కిలోల్లోకి మారేసరికి ఇలాంటి ఎటూ కాని అంకె అయింది. ఖాళీ సూట్‌కేసే నాలుగు కిలోలు తూగుతుంది. అంటే మన చేతికి మిగిలేది 19. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్నది ఇంకో నిబంధన. దాన్ని మాత్రం ఎవరూ టేపు పెట్టి కొలవరు.

32 అని ఇంకో అంకె ఉంది. అదనపు డబ్బు కడతామన్నా ఒక్క బ్యాగును 32 కిలోలు దాటనివ్వరు. విమానం మోయలేదని కాదు. దాని కడుపులో మోకాళ్ల మీద వంగి, ఒకదాని మీద ఒకటి బ్యాగులు పేర్చే మనిషి నడుము కోసం పెట్టిన హద్దు అది. మా బావకు ఇది చెబితే వెంటనే ఒప్పుకున్నాడు. 23 మీద పోట్లాడిన మనిషి 32 మీద ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన చిన్నప్పుడు ఎనుమాముల మార్కెట్ యార్డులో హమాలీలు మిరప బస్తాలు మోయడం చూస్తూ పెరిగినవాడు.

తూకం ఈ నేలకు కొత్త కాదు. ఎనుమాములలో పత్తికీ మిరపకూ కాంటా దగ్గర ఎన్ని తగాదాలో, తరుగు పేరిట ఎంత పోతుందో ఇక్కడి ప్రతి రైతు ఇంటికీ తెలుసు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే మనుషులే కాంటా ఎక్కుతారు. ఎక్కి, తమ బరువుకు సరితూగే బెల్లాన్ని సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. ఆ బెల్లాన్ని బెల్లమనరు, బంగారమంటారు. నిలువెత్తు బంగారం. అక్కడ కాంటా మీద చిక్కిపోయానని బాధపడే భక్తుడు ఉండొచ్చు. సూట్‌కేసు దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. ఒక్క కిలో తగ్గితే ఇంటిల్లిపాదికీ పండగ.

సకినం విరగకుండా

ఆ రాత్రి రెండున్నర కిలోలు తియ్యడానికి మూడు గంటలు పట్టింది. హాల్లో చాప పరిచి సామానంతా కుప్ప పోశారు. పొద్దున సర్దిన వస్తువులే అయినా చాప మీద చూస్తే వేరే ఇంటి సామానులా అనిపించింది. ప్రెషర్ కుక్కర్, దాని లోపల కుక్కి పెట్టిన పోపు దినుసుల పొట్లాలు. కుక్కర్‌ను ఖాళీగా పంపడమంటే మా ఇళ్లల్లో పాపంతో సమానం. ఆరు నెలలకు సరిపడా మందులు, వాటి చీటీలు. రెండు జతల కళ్లద్దాలు. ఒక దుప్పటి. పన్నెండు బనియన్లు. చింతపండు, పసుపు, ధనియాల పొడి, మామిడి తొక్కు, చింతకాయ తొక్కు. కిలో కారం పొడి. అది చపాటా మిరపది. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కిన మా వరంగల్ మిరప. చూడటానికి టమాటాలా బొద్దుగా ఉంటుంది, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. మా అక్క వాదన: "అక్కడి కారంల రంగే ఉండదట."

బనియన్లు పన్నెండు ఎందుకని వాడు అడిగాడు. నాలుగు చాలన్నాడు. అక్క ఎనిమిది తీసింది, ఆ చోటులో గరిజెలు పెట్టింది. బరువు అలాగే ఉంది.

సకినాల సంగతి వేరే చెప్పాలి. బియ్యం నానబెట్టి, తడిపిండి చేసి, నువ్వులూ వామూ కలిపి, పరిచిన బట్ట మీద వేళ్లతో చుట్లు చుట్లుగా తిప్పి, ఆరాక నూనెలో కాలుస్తారు. సంక్రాంతికి ఒకసారి చేసేవి. ఇప్పుడు అమెరికా కోసం జులైలో కూడా చేస్తున్నారు. బరువు పెద్దగా ఉండవు, చోటు తింటాయి, ముట్టుకుంటే విరుగుతాయి. పెద్ద బ్యాగులో పెడితే హైదరాబాద్‌లో వేసినవి షికాగోలో పిండిగా దిగుతాయి. అందుకని చేతి బ్యాగులోకి వస్తాయి. స్టీలు డబ్బాలో వేసి, సందుల్లో టిష్యూ కాగితాలు కుక్కి, మూతకు టేపు చుట్టి. ఎక్స్‌రే తెర మీద గుండ్రంగా, ఒకదాంట్లో ఒకటిగా కనిపించే ఆ చక్రాలు ఏమిటని విదేశాల్లో ఎవరో ఒకరు డబ్బా విప్పించని ప్రయాణం మా వాళ్లల్లో అరుదు. విప్పించినవాడికి ఒకటి పెట్టి వచ్చానని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. నేను పూర్తిగా నమ్మను.

తొక్కు దారి సకినానికి వ్యతిరేకం. అది చేతి బ్యాగులో పోదు. మిరప పచ్చళ్లు మన విమానాశ్రయాల భద్రతా తనిఖీలోనే ఆగిపోతాయి. నెయ్యి, నూనె లాంటివి 100 మిల్లీలీటర్ల సీసా దాటితే అంతే. కాబట్టి తొక్కు పెద్ద బ్యాగులో, అదీ బట్టల నడుమ. దీనికోసం పచ్చళ్ల దుకాణాల్లో గాలి తీసేసి రెండు పొరల్లో సీలు వేసే మిషన్లు వచ్చాయి. "ఊర్లకా, అమెరికాకా?" అని అడిగి ప్యాక్ చేస్తున్నారు. ఈ మిషన్ రాకముందు వెళ్లినవాణ్ని నేను. మూడు ప్లాస్టిక్ కవర్లు, రెండు రబ్బరు బ్యాండ్లు, ఒక తువ్వాల. దిగి బ్యాగు తెరిస్తే తువ్వాలకు అంటింది, దాని పక్కన చొక్కాకు అంటింది. ఆ చొక్కాను ఆరుసార్లు ఉతికినా నువ్వుల నూనె వాసన పోలేదు. వారం తిరిగేసరికి ఆ వాసన కోసమే దాన్ని తొడుక్కున్నానని ఇప్పుడు ఒప్పుకుంటే తప్పులేదు.

ఒడిబియ్యం ఆగిపోయే చోటు

బరువు ఒక్కటే అయితే బావ బతికిపోయేవాడు. ఏది పోతుంది, ఏది పోదు అన్నది ఇంకో పురాణం.

మా దగ్గర పెళ్లయిన బిడ్డ పుట్టింటి నుంచి పోతుంటే ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక గుడ్డ. ఆ బియ్యం మెట్టినింటికి పోయి అక్కడ వండాలి. ఇప్పుడు ఆ మెట్టినిల్లు డాలస్‌లో ఉంటే? బియ్యాన్ని అమెరికా రానివ్వదు. ఖప్రా అనే పురుగు ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తేవడం నిషిద్ధం. మన దేశం ఆ జాబితాలో ఉంది. గోరంత కూడా ఉండని పురుగు. దాని పిల్లపురుగులు తిండి లేకుండా ఏళ్ల తరబడి సందుల్లో దాక్కుని బతకగలవు. గోదాములకు పట్టిందంటే వదలదు. కుడుకల కథ ఇంకా చిత్రం. అవి అమెరికా దాకా కూడా పోవు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడెక్కితే తనంతట తానే రాజుకునే గుణముంది. అందుకే ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ పట్టికలో దానికి యూఎన్ 1363 అని ఒక నంబరే ఇచ్చారు. శుభానికి ఒడిలో పోసే రెండు వస్తువుల్లో ఒకటి పురుగు కేసు, ఒకటి నిప్పు కేసు. కాబట్టి అమెరికా బిడ్డల ఒడిబియ్యాన్ని చాలా ఇళ్లల్లో బయల్దేరే ముందు ఇక్కడే వండి చుట్టాలకు పెట్టేస్తున్నారు. రవిక గుడ్డ ఒక్కటి బ్యాగెక్కుతుంది. ఆచారం తన దారి తను వెతుక్కుంది, ఎవరినీ అడగలేదు.

పచ్చి కరివేపాకుదీ ఇదే గతి. ఆ రెబ్బల మీద వాలే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోస్తుంది. 2005లో ఆ తెగులు కనిపించాక ఫ్లోరిడా నారింజ తోటలు కోలుకోలేదు. మన పోపులోకి రెండు రెబ్బలు వాళ్లకు ఒక రాష్ట్రపు పంట. అందుకే మన కరివేపాకు పొడిగా మారి, ఉప్పూ కారం పూసుకుని వెళ్తుంది. మటన్ పచ్చడి, కోడి పచ్చడి అసలు పోవు. మాంసం ఏ రూపంలో ఉన్నా నిషిద్ధమే. వీటిని పట్టడానికి అక్కడ 1984 నుంచి బీగిల్ కుక్కలను వాడుతున్నారు. పొట్టి కాళ్లు, వేలాడే చెవులు. పిల్లలు ముద్దు చేయబోతారు. అది వచ్చి బ్యాగు పక్కన బుద్ధిగా కూర్చుందంటే మీ పచ్చడి దొరికిపోయినట్టే. తెచ్చిన తిండిని కస్టమ్స్ ఫారంలో రాయడం తప్పు కాదు, దాచడం తప్పు. రాస్తే మహా అయితే చెత్తబుట్టలో వేస్తారు. దాచి దొరికితే మొదటిసారికే వందల డాలర్ల జరిమానా పడొచ్చు. ఈ ఒక్క ముక్కా మా వాళ్లకు ఎక్కడం లేదు. రాస్తే అడుగుతారని భయం.

ఈ జరిమానాలన్నీ గల్ఫ్ దారిలో జరిగేదాని ముందు చిన్నవి. మన మసాలాలో పడే గసగసాలు యూఏఈలో, సౌదీలో, సింగపూర్‌లో నిషిద్ధం. అక్కడ అవి మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి. కోడికూర కోసం తీసుకెళ్లిన పొట్లం జైలు దాకా తీసుకుపోగలదు. కొన్ని దగ్గు మందులు, నొప్పి మాత్రలు కూడా డాక్టర్ చీటీ లేకుండా అంతే ప్రమాదం. కమలాపూర్ దాటి హుజూరాబాద్, జమ్మికుంట వైపు ఊళ్ల నుంచి దుబాయికి పోయే కూలీలకు ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఎంఎస్‌కు పోయే పిల్లలకు సీనియర్లు పంపిన జాబితాలుంటాయి. వాట్సాప్ గ్రూపులుంటాయి. కూలీకి ఏజెంటు ఇచ్చే టికెట్ ఉంటుంది, అంతే.

ఒక ముక్క అడ్డం వేస్తాను. దేశం దాటే సరుకు మీద తగాదా ఓరుగల్లుకు ఈనాటిది కాదు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడలోని సొమ్మంతా తీరాన్నేలే రాజులదే అని ఒకప్పటి రివాజు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి ఆ పద్ధతి మానిపించాడు. సముద్రం మీద తిరిగే వర్తకుల సొమ్ము వారిదే, మేము తీసుకునేది కూపశుల్కం మాత్రమే, ముప్పైలో ఒక వంతు అని రాయించాడు. కర్పూరం, గంధం, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలు అంటూ ఏ సరుకుకు ఎంతో పేరుపేరునా చెక్కించాడు. ఇది రాతి మీద ఉన్న కస్టమ్స్ పట్టిక. ఫారం నింపడానికి భయపడే మా బావకు ఇది చూపించాలి.

చిన్న ప్యాకెట్

తొక్కు కన్నా, కుక్కర్ కన్నా, బ్యాగులో బరువైనది ఇంకొకటుంది. ఎదుటివాళ్ల ప్యాకెట్.

టికెట్ కొన్న వార్త ఎలా పాకుతుందో తెలియదు. వారం ముందు నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మీ వాడు అటే పోతున్నడట గదా వదినా. మా బిడ్డకు ఒక చిన్న ప్యాకెట్." చిన్న అన్న మాటకు ఇంత పెద్ద అర్థం ఇంకెక్కడా లేదు. మా అక్క ఇంటికి అలా ఐదు వచ్చాయి. ఒకదాంట్లో పట్టుచీర. ఒకదాంట్లో రెండు కిలోల అరిసెలు. ఒకటి టేపుతో ఎంత గట్టిగా చుట్టి ఉందంటే ఏముందో తెలియదు. అడిగితే "ఏం లేదు, ఇంట్ల సామానే" అన్నారు. "పిల్లగాడు న్యూజెర్సీలో దిగుతడు, మీ బిడ్డ కాలిఫోర్నియా కదా" అని అక్క అంటే, "అమెరికానే గదా" అన్నారు.

మా అక్క ఆ ఐదింటినీ తిప్పి పంపింది. "ఈ ప్యాకెట్ల రోగం ఎప్పుడు పోతదో మనోళ్లకు" అని నాతో వారం రోజులు అంది. ఆమెది తప్పని అనను. బ్యాగు మీరే సర్దారా, ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని విమానాశ్రయంలో అడుగుతారు. ఆ ప్రశ్నకు నిజం చెప్పలేని స్థితిలో పిల్లవాణ్ని పెట్టకూడదు. గల్ఫ్ దారిలో అయితే ఎవరిదో ప్యాకెట్ మోసి, అందులో ఏముందో తెలియక జైల్లో పడ్డ వార్తలు తెలంగాణ పత్రికల్లో వచ్చినవే. విప్పి చూపించని ప్యాకెట్‌ను సొంత తమ్ముడిచ్చినా తీసుకోవద్దన్నది నా మాట. ఆ మాట మీద చుట్టరికాలు చెడ్డా సరే.

అయినా ఈ ప్యాకెట్ వెనక ఒక కాలముంది. 1959లో కాజీపేట దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన ఇంజనీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీ నుంచి డెబ్బైల్లో అమెరికా వెళ్లినవాళ్లు జేబులో ఎనిమిది డాలర్లతో దిగామని ఇప్పటికీ చెబుతారు. విదేశీ మారకం మీద అప్పుడు అంత కట్టుదిట్టం. డబ్బు పట్టుకెళ్లనివ్వకపోతే మనిషి వస్తువులే పట్టుకెళ్తాడు. షికాగో డెవాన్ అవెన్యూలో పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు తెరిచింది 1974లో. అంతకు ముందు వెళ్లినవాడికి కందిపప్పు అంటే ఊరి నుంచి ఎవరో మోసుకొచ్చిన కందిపప్పే. అప్పటి పెట్టెకు చక్రాలు కూడా లేవు. పెట్టెకు చక్రాలు బిగించి బెర్నార్డ్ సాడో అనే ఆయన అమెరికాలో పేటెంట్ పొందింది 1972లో. ఇప్పుడు మనం నిలబెట్టి లాక్కుపోయే తరహాను రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ తయారు చేసింది 1987లో. కాజీపేట ప్లాట్‌ఫారం మీద వీఐపీ సూట్‌కేసును తల మీద పెట్టుకుని నడిచే కూలీ మా తరానికి బాగా గుర్తు. ఆ పెట్టె అల్మారా మీద ఇంకా ఉన్న ఇళ్లున్నాయి. అందులో ఇప్పుడు పాత ఫోటోలు, పట్టాలు.

గల్ఫ్ నుంచి వచ్చే అట్టపెట్టెలది ఇంకో అందం. చుట్టూ నైలాన్ తాడు, నాలుగు వైపులా మార్కర్‌తో పేరూ ఊరూ. విప్పితే దుప్పట్లు, అత్తరు, టైగర్ బామ్, టేప్‌రికార్డర్. ఆ పెట్టె ఆటో దిగిన రోజు వాడంతా వాకిట్లోనే ఉండేది. అమెరికా దారిలో సామాను ఇక్కడి నుంచి అక్కడికి పోతుంది. గల్ఫ్ దారిలో అక్కడి నుంచి ఇక్కడికి వస్తుంది. ఎవరు ఎవరిని పోషిస్తున్నారన్నది బ్యాగు ఏ వైపు బరువుగా ఉందో చూస్తే చాలు.

దొరకదని కాదు

ఇప్పుడు అక్కడ అన్నీ దొరుకుతాయి. న్యూజెర్సీలో, డాలస్‌లో గోంగూర దొరుకుతుంది, సర్వపిండి దొరుకుతుంది. పచ్చళ్లను కిలో లెక్కన పంపే కొరియర్ దుకాణాలు మన హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కలే ఉన్నాయి. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అంతమంది ఉన్నచోట చింతపండు దొరక్కుండా ఉంటుందా? ఈ ప్రశ్న మా మేనల్లుడు ఆ రాత్రి చాప మీద కూర్చుని అడిగాడు.

"దొరుకుతది. నాకు తెల్వదా? దిగినంక రాత్రికి ఏం తింటవు? ఆ దుకాణం ఎక్కడున్నదో తెల్సా నీకు?"

దానికి వాడి దగ్గర జవాబుంది, ఫోనులో మ్యాపు ఉంది. చూపించలేదు.

నేను చాలా ఇళ్లల్లో గమనించినదొకటి చెబుతాను. పిల్లవాడు ఏ యూనివర్సిటీకి పోవాలో కన్సల్టెన్సీ చెబుతుంది. ఏ కోర్సో స్నేహితులు చెబుతారు. లోను బ్యాంకు చూసుకుంటుంది, పొలం అమ్మే మాట తండ్రీ పెదనాన్నలూ మాట్లాడుకుంటారు. వీసా అధికారి అడిగే ప్రశ్నలకు కోచింగ్ ఉంది. అంత పెద్ద వ్యవహారంలో తల్లిని అడిగినవాడు లేడు. ఆఖరి పది రోజుల్లో ఒక్క శాఖ ఆమె చేతికొస్తుంది. దాని పేరు సూట్‌కేసు. ఇరవై మూడు కిలోలూ ఆమె రాజ్యమే. ఆ కాస్త రాజ్యంలో రెండున్నర కిలోలు కోతపెట్టమంటే కాంటాను శంకించకుండా ఎలా ఉంటుంది?

రెండో బిడ్డ పోయేటప్పుడు ఇదంతా ఉండదు. బ్యాగు పద్దెనిమిది కిలోల దగ్గర ఆగుతుంది. అప్పటికి తల్లి ఒకసారి అక్కడికి పోయి వచ్చి ఉంటుంది కూడా.

ఆ పోయి రావడం ఎక్కువగా కాన్పుకే. బిడ్డకో కోడలికో నెలలు నిండుతాయి, ఆరు నెలల ప్రయాణం. నా లెక్కన మా ఊరి నుంచి పోయే బ్యాగుల్లో తెలివైన బ్యాగు అదే. సొంఠి, వాము, పసుపు కొమ్ములు, ఉగ్గుగిన్నె. పాత నూలు చీరలు మడిచి కుట్టిన బొంతలు. ఎన్ని పెట్టినా తూకానికి రావు. ఏ దుకాణంలోనూ అంత మెత్తనివి దొరకవు. తిరిగొచ్చేటప్పుడు ఆ రెండు బ్యాగుల నిండా కాస్ట్‌కో బాదం పప్పు, చాక్లెట్లు, విటమిన్ మాత్రలు, మనవరాలికి పొట్టివైన గౌన్లు. ఆ గౌన్లు ఎవరికీ ఇవ్వరు. అల్మారాలో పెడతారు.

దారిలో పోయిన బ్యాగు గురించి నాలుగు మాటలు. కొన్నేళ్ల కింద నా రెండు బ్యాగుల్లో ఒకటి దిగలేదు. బెల్టు తిరిగి తిరిగి ఆగింది, నేనొక్కణ్నే మిగిలాను. అప్పుడు చేయాల్సింది అక్కడే కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోవడం. బయటికొచ్చాక ఎవరూ వినరు. భారతదేశం 2009లో చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 21 రోజుల్లో రాకపోతే బ్యాగు పోయినట్టే లెక్క. పరిహారం గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు. 2024 డిసెంబరు చివరి నుంచి అమల్లోకి వచ్చిన అంకె ఇది, దాదాపు రెండు వేల డాలర్లు. బ్యాగు చిరిగితే ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. నా బ్యాగు నాలుగో రోజు గుమ్మం ముందు కనిపించింది. అప్పటిదాకా నేను తొడుక్కున్నది తొక్కు చొక్కానే. సర్టిఫికెట్లు, మందులు, ఒక జత బట్టలు చేతి బ్యాగులో ఉండాలని అందుకే మేనల్లుడికి పదిసార్లు చెప్పాను. పవర్‌బ్యాంకు కూడా చేతి బ్యాగులోనే, పెద్ద దాంట్లో పెట్టనివ్వరు.

రెండో రోజు రాత్రి కాంటా 22.9 చూపించింది. కొట్టాయన చప్పట్లు కొట్టాడు.

బయల్దేరిన రోజు ఇన్నోవాలో వాడొక్కడు, పంపడానికి మేం ఆరుగురం. మామునూరులో నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయం 1981 దాకా నడిచింది. 2025లో దాన్ని మళ్లీ తెరవడానికి కేంద్రం అనుమతిచ్చింది. అది తెరిచి అక్కడి నుంచి పోయే రోజు వచ్చేదాకా మా ఊరి ప్రయాణం శంషాబాద్ దాకా రోడ్డు మీదే. స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్, ఔటర్ రింగ్ రోడ్డు. జనగామ దాటగానే పెంబర్తి వస్తుంది. ఇత్తడి పనికి పేరున్న ఊరు. బావ కారాపమన్నాడు. ప్రొఫెసర్‌కు చేతుల్లో ఏదైనా పెడితే మర్యాదగా ఉంటుందని. లోపలికి పోయి కాకతీయ తోరణమున్న చిన్న జ్ఞాపిక, ఒక దీపం కుంది కొనుక్కొచ్చాడు. ఇత్తడి. ఎవరూ ఏమీ అనలేదు. అక్క నా వైపు చూసింది. అంతే.

శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర బ్యాగు 24.6. వాడు లోపల, మేం అద్దాల బయట. మా కళ్ల ముందే వాడు నేల మీద మోకాళ్లూని జిప్పు తీశాడు. వాడి పక్కన ఇంకో నలుగురు అదే పనిలో ఉన్నారు. అందరి మోకాళ్ల ముందూ కారం పొట్లాలు, చెప్పుల జతలు. వాడు ఇత్తడి కుంది పైకి తీశాడు, అద్దాల వైపు, తండ్రి వైపు చూశాడు, మళ్లీ లోపల పెట్టాడు. తర్వాత కిలో కారం పొడి తీశాడు. చింతకాయ తొక్కు తీశాడు. తలుపు దగ్గరికి తెచ్చి పోలీసు అనుమతితో నా చేతిలో పెట్టాడు. "మామా, అమ్మకు ఇప్పుడే చెప్పకు" అన్నాడు. అమ్మ నా వెనకే ఉంది.

తిరుగు దారిలో కారులో మాట లేదు. ఆ కవరు అక్క ఒళ్లో ఉంది. భువనగిరి దాటాక టీ కోసం ఆగాం, తను దిగలేదు. ఆలేరు దగ్గర కాబోలు, ఫోను తీసి ఎవరికో కలిపింది.

"వదినా, మంచిగున్నరా? మీ వాడు పోయేది పదో తారీఖునాడేనా? అదే, అడుగుదామని... ఒక చిన్న ప్యాకెట్."

అవతల నుంచి ఏదో అడిగారు. అక్క ఒళ్లో కవరును ఒక చేత్తో కొంచెం పైకెత్తి, బరువు చూసి, దించింది.

"కిలో కూడ ఉండది" అంది.